నల్లమలలో ఒక లైకెన్ పాత రికార్డులు: మ్యాపు మీద చుక్క పెట్టే ముందు

మీరు అడిగింది ఇది. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం పార్మోట్రీమా టింక్టోరమ్ అనే ఆకు లైకెన్ (శిలీంధ్రం, శైవలం కలిసి బతికే జీవి, ఇది ఆకులా పరుచుకునే రకం) నల్లమలలో, ముఖ్యంగా అమ్రాబాద్ వైపు, ఎక్కడెక్కడ దొరికిందో హెర్బేరియం (ఎండిన నమూనాలు భద్రపరిచే చోటు) రికార్డుల నుంచి జాబితా తీస్తున్నారు. చేతికొచ్చిన వాటిలో కొన్ని మహబూబ్‌నగర్ జిల్లా అంటున్నాయి, కొన్ని కర్నూలు అంటున్నాయి, కొన్నిటి మీద ఉత్త ‘శ్రీశైలం రోడ్డు’ అనే ఉంది, ఒకటి నీలగిరి అంటోంది. వీటిని మ్యాపు మీద ఎలా పెట్టాలి, పేరు ఎంతవరకు నమ్మాలి, కొత్త నమూనాలు చేర్చాలంటే ఏం చేయాలి అని అడిగారు.

హెర్బేరియం రికార్డులో మూడు భాగాలుంటాయి. ప్యాకెట్లో ఉన్న లైకెన్ ముక్క ఒకటి, సేకరించినవారు రాసిన లేబుల్ ఒకటి, తర్వాత ఎవరైనా పరీక్షించి పెట్టిన నిర్ధారణ చీటీ ఒకటి. ఆన్‌లైన్ డేటాబేస్‌లో మీకు కనిపించే వరుస ఈ మూడింటిని చూసి ఎవరో టైపు చేసిన నకలు. నకలు మీద పనిచేయడంలో తప్పు లేదు కానీ, ఏ మాట లేబుల్‌ది, ఏ మాట టైపు చేసినవారిది, ఏ మాట మీ ఊహ అనేది విడివిడిగా ఉంచకపోతే మీ జాబితాను తర్వాత ఎవరూ సరిచూడలేరు. కాబట్టి ఎక్సెల్‌లో మొదటి నుంచీ ‘లేబుల్ మీద ఉన్నది ఉన్నట్టు’ అని ఒక గడి, ‘నా అర్థం’ అని ఇంకో గడి పెట్టుకోండి. మొదటి గడిలో స్పెల్లింగ్ తప్పు కూడా దిద్దొద్దు. కింద చెప్పేదంతా ఈ రెండు గడుల మధ్య ఏం జరగాలన్నదే.

ముందు వెతుకులాట సంగతి. ఈ జాతిని 1872లో పార్మీలియా టింక్టోరమ్ పేరుతో ప్రచురించారు. లైకెన్ శాస్త్రవేత్త మేసన్ హేల్ 1974లో దాన్ని పార్మోట్రీమా ప్రజాతిలోకి మార్చారు. అంటే 1974కు ముందు సేకరించి, ఆ తర్వాత ఎవరూ తెరిచి చూడని ప్యాకెట్లన్నీ ఇంకా పార్మీలియా అరలోనే ఉండొచ్చు. కొత్త పేరుతో మాత్రమే వెతికితే సరిగ్గా పాత రికార్డులే, అంటే మీకు ఎక్కువ విలువైనవే, తప్పిపోతాయి. పార్మీలియా టింక్టోరమ్, పార్మీలియా కొరల్లాయిడియా అనే పాత పర్యాయనామం, వీటితో పాటు జాతి పేరు తేలక ‘పార్మీలియా ఎస్పీ’ అని వదిలేసినవి, అన్నీ అడగండి. ఈ చివరి రకం ప్యాకెట్లలో మన ప్రాంతపు నమూనాలు దొరికే అవకాశం బాగా ఉంది.

ఎక్కడ అడగాలంటే, లైకెన్లకు మన దేశంలో మొదటి చిరునామా లక్నోలోని జాతీయ వృక్ష పరిశోధన సంస్థ. దాని హెర్బేరియం సంకేతం ఎల్‌డబ్ల్యూజీ. భారత లైకెన్ శాస్త్రానికి పునాది వేసిన ధరణీధర్ అవస్థి సేకరణ కూడా అక్కడే ఉంది. పుణెలోని అఘార్కర్ సంస్థలో అజ్రేకర్ హెర్బేరియం ఉంది, సంకేతం ఏఎంహెచ్. పశ్చిమ, దక్షిణ భారత లైకెన్లకు అది చూడాలి. బొటానికల్ సర్వే వారి హౌరా కేంద్ర హెర్బేరియం, హైదరాబాద్‌లోని దక్కన్ ప్రాంతీయ కేంద్రం కూడా జాబితాలో పెట్టుకోండి. ఏ సంకేతం ఏ సంస్థదో ఇండెక్స్ హెర్బేరియోరమ్‌లో చూసుకోవచ్చు, న్యూయార్క్ బొటానికల్ గార్డెన్ దాన్ని నిర్వహిస్తోంది. ఉత్తరం రాసేటప్పుడు ‘మీ దగ్గరున్న లైకెన్ల వివరాలు పంపండి’ అని రాస్తే జవాబు రావడం కష్టం. జాతి పేర్లు, పాత పేర్లు, ప్రాంతం, ఫొటోలు కావాలా నమూనా కావాలా, రసాయన పరీక్షకు చిన్న ముక్క తీయాల్సి ఉంటుందా అన్నవి ఒక పేజీలో రాసి, మీ గైడ్ సంతకంతో పంపండి. ఫొటోలు అడిగితే నాలుగు అడగండి: లేబుల్‌తో ప్యాకెట్ మొత్తం, పై ముఖం, కింది ముఖం అంచు కనిపించేలా, స్కేలు పెట్టి ఉపరితలం దగ్గరగా. కింది ముఖం ఫొటో లేకపోతే ఈ జాతి విషయంలో మీరు ముందుకు కదలలేరు.

పేరు సరైనదేనా?

పార్మోట్రీమా టింక్టోరమ్‌ది బూడిద రంగు థాలస్, అంటే లైకెన్ ఒళ్లు. దాని తమ్మెలు, అంటే ఆకులాంటి భాగాలు, వెడల్పుగా, గుండ్రటి అంచులతో ఉంటాయి, ఒక్కో తమ్మె 1 నుంచి 2 సెంటీమీటర్ల వరకు ఉంటుంది. అంచున నల్ల వెంట్రుకల్లాంటి సీలియా ఉండవు. కింద నడుమ భాగం నల్లగా, అంచు దగ్గర గోధుమ రంగులో, రైజైన్లు (వేళ్లలా పట్టుకునే పోగులు) లేకుండా నున్నగా ఉంటుంది. పై ముఖం మీద ఇసిడియా ఉంటాయి. పది రెట్ల లెన్సులో చూస్తే ఇవి పగడపు కొమ్మల్లా నిలబడ్డ సన్నని కాడలు. వాటి మీద కూడా థాలస్ మీదున్న బూడిద రంగు పొరే ఉంటుంది.

పాత ప్యాకెట్లలో తప్పు ఎక్కువగా జరిగేది సరిగ్గా ఇక్కడే. ఎండిన ఇసిడియా చాలా పెళుసు. దశాబ్దాలుగా ప్యాకెట్ తీసి పెడుతూ ఉంటే అవి విరిగి రాలిపోతాయి. విరిగిన చోట లోపలి తెల్ల పొర బయటపడి తెల్లటి చుక్కలు కనిపిస్తాయి. చూసేవారు వాటిని సొరీడియా, అంటే కొన్ని లైకెన్ల మీద సహజంగానే వచ్చే పొడి, అనుకుని ‘పార్మోట్రీమా ఆస్ట్రోసైనెన్స్’ అని చీటీ పెట్టేస్తారు. పైగా ఆ జాతి కూడా రసాయన పరీక్షలో టింక్టోరమ్ లాగే ఎర్రబడుతుంది, ఎందుకంటే రెండిటిలోనూ లెకనోరిక్ ఆమ్లమే ఉంది. అందుకని ఈ రెండింటి మధ్య పరీక్ష తేల్చదు, కన్నే తేల్చాలి. ఆస్ట్రోసైనెన్స్‌లో పొడి తమ్మె అంచు వెంబడి గీతలా ఉంటుంది, కింది ముఖం అంచు దగ్గర తెల్లటి మచ్చలుంటాయి. టింక్టోరమ్‌లో విరిగిన చుక్కలు తమ్మె నడుమ పై ముఖం మీద ఉంటాయి, కింది అంచు గోధుమ రంగే. ప్యాకెట్ అడుగున రాలిన పొడిని ఒక తెల్ల కాగితం మీద పోసి లెన్సుతో చూడండి. అందులో బూడిద పొర కప్పిన కాడల ముక్కలు ఉంటే అవి ఇసిడియానే. చాలామంది ఈ రాలుడును చెత్త అని పారబోస్తారు. అది చేయకండి, తిరిగి చిన్న కాగితం మడతలో వేసి ప్యాకెట్లోనే పెట్టండి.

మిగతా పోలికల్ని రసాయన పరీక్ష విడదీస్తుంది. ఇందులో కె, సి, పి అనే మూడు ద్రావణాలు వాడతాం, అవేంటో కింద చెప్తాను. పై పొర మీద కె వేస్తే పసుపు రావాలి, అది పై పొరలో ఉండే అట్రనోరిన్ అనే పదార్థం వల్ల. లోపలి తెల్ల పొర మీద కె వేస్తే మార్పు ఉండదు, పి వేసినా మార్పు ఉండదు, సి వేస్తే వెంటనే ఎరుపు రావాలి. ఇసిడియా ఉండి, సి కి మారకుండా పి కి నారింజ ఎరుపు వస్తే పార్మోట్రీమా శాకటిలోబమ్ కోసం చూడండి. ఇసిడియాతో పాటు అంచున సీలియా కూడా ఉంటే క్రినిటమ్ వైపు వెళ్లాలి. సొరాలియా (సొరీడియా పొడి వచ్చే మచ్చలు) ఉండి లోపలి పొర దేనికీ మారకపోతే ప్రెసొరీడియోసమ్ కావచ్చు. కిరాణా కొట్లో మసాలాల్లో అమ్మే రాతిపువ్వు ముఖ్యంగా పార్మోట్రీమా పెర్లాటమ్, దానికి సీలియా, సొరీడియా రెండూ ఉంటాయి. కాబట్టి పాత నోట్సులో ‘రాతిపువ్వు’ అని మాత్రమే ఉంటే దాన్ని ఈ జాతి కింద లెక్క వేయొద్దు. వ్యాపారంలో ఆ పేరు కింద చాలా జాతులు కలిసిపోయి వస్తాయి.

ద్రావణాల విషయం. కె అంటే పొటాషియం హైడ్రాక్సైడ్ 10 గ్రాములు 100 మి.లీ. నీటిలో. సి అంటే తాజా బ్లీచ్, సోడియం హైపోక్లోరైట్. పి అంటే పారాఫినిలీన్‌డయామిన్. దీన్ని ఆల్కహాలులో కలిపితే ఆ రోజుకే పనికొస్తుంది. నిలవ ఉండాలంటే స్టైనర్ ద్రావణం చేసుకోండి: పారాఫినిలీన్‌డయామిన్ 1 గ్రాము, సోడియం సల్ఫైట్ 10 గ్రాములు, గిన్నెలు కడిగే ద్రవం అర మి.లీ., నీళ్లు 100 మి.లీ. ఇది విషపదార్థం, చేతికి గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు, బల్ల మీద పడితే వెంటనే తుడవండి.

ఎక్కువగా మోసం చేసేది సి. సీసా తెరిచాక బ్లీచ్ బలం తగ్గుతూ పోతుంది, మన ఎండలకు ఇంకా తొందరగా తగ్గుతుంది. బలం పోయిన బ్లీచ్ వేసి ‘మార్పు లేదు’ అని రాసుకుంటే మంచి టింక్టోరమ్ నమూనా వేరే జాతి అయిపోతుంది. అందుకే రోజూ పని మొదలుపెట్టే ముందు ఖాయంగా ఎర్రబడే తెలిసిన నమూనా ముక్క మీద ఒక చుక్క వేసి చూడండి. ఎరుపు కొన్ని క్షణాల్లోనే మాయమవుతుంది కాబట్టి చుక్క వేసేటప్పుడే కన్ను లెన్సు దగ్గర ఉండాలి. పై పొరను బ్లేడుతో గీరి తెల్ల పొర బయటపెట్టాకే వేయాలి. పై పొర మీద వేసి ఫలితం రాసుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. లెకనోరిక్ ఆమ్లం పాత నమూనాల్లోనూ చెడకుండా ఉంటుంది, కాబట్టి నమూనా ఎన్నేళ్ల నాటిదైనా పరీక్ష పనిచేస్తుంది.

పరీక్ష ఎప్పుడూ విడిపోయి ఉన్న చిన్న ముక్క మీదే, గాజు స్లైడు మీద పెట్టి చేయాలి. అరువుకు తెచ్చిన నమూనా అయితే క్యూరేటర్ రాతపూర్వక అనుమతి లేకుండా చుక్క కూడా వేయకూడదు. సి తో ఎర్రబడే ఆమ్లాలు ఒకటికంటే ఎక్కువ ఉన్నాయి, గైరోఫోరిక్ ఆమ్లం కూడా అలాగే వస్తుంది. సందేహం ఉన్న నమూనాలకు టీఎల్‌సీ (పలుచని పొర పూసిన ప్లేటు మీద పదార్థాలను విడదీసే పరీక్ష) చేయించండి. ఎసిటోన్‌లో కొద్దిగా నానబెట్టి తీసిన సారం, ద్రావణి ‘ఎ’ అంటే టోలీన్, డయాక్సేన్, ఎసిటిక్ ఆమ్లం 180:60:8 పాళ్లలో. తర్వాత 10 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లం చల్లి 110 డిగ్రీల దగ్గర వేడి చేస్తే మచ్చలు తేలతాయి. పక్కన తెలిసిన లెకనోరిక్ నమూనా ఒకటి పరిగెత్తించకపోతే ఆ ప్లేటుకు విలువ లేదు.

పరీక్షించాక పాత చీటీని తీసేయొద్దు, దాని మీద కొట్టివేతలు చేయొద్దు. కింద కొత్త చీటీ చేర్చండి: జాతి పేరు, మీ పేరు, తేదీ, కె, సి, పి ఫలితాలు. ఒకే ప్యాకెట్లో రెండు జాతులు కలిసి ఉండటం మామూలే, బెరడుతో పాటు పిక్సీన్ కోకోస్, డిరినారియా లాంటి వేరే లైకెన్లు అతుక్కుని వస్తాయి. 365 నానోమీటర్ల అతినీలలోహిత టార్చ్ వేస్తే పిక్సీన్ కోకోస్ పసుపుగా మెరుస్తుంది. అలాంటప్పుడు ఎ, బి అని విడగొట్టి రాయండి. పాత హెర్బేరియం నమూనాలకు పురుగు పట్టకుండా మెర్క్యురిక్ క్లోరైడ్ పూసిన కాలం ఉంది. పాత షీట్లు, ప్యాకెట్లు చూసేటప్పుడు గ్లవ్స్ వేసుకుని, తర్వాత చేతులు కడుక్కోండి.

ఊరి పేర్లు

మీ జాబితాలో సగం తలనొప్పి ఇక్కడే ఉంది. కొన్ని తేదీలు గోడ మీద రాసిపెట్టుకోండి. 1956 నవంబరు 1కి ముందు ఈ ప్రాంతం హైదరాబాద్ రాష్ట్రం. 2014 జూన్ 2 దాకా ఆంధ్రప్రదేశ్. 2016 అక్టోబరు 11న మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల వేరయ్యాయి, నల్గొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వేరయ్యాయి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట ఏర్పడింది. కృష్ణా నదికి అవతల శ్రీశైలం 2022 ఏప్రిల్ నుంచి నంద్యాల జిల్లాలో ఉంది. అంటే ‘మహబూబ్‌నగర్ జిల్లా, అమ్రాబాద్’ అని 1980ల లేబుల్ మీద ఉంటే, ఇవాళ అది నాగర్‌కర్నూల్ జిల్లా. సేకరించినవారు సరిగ్గానే రాశారు, జిల్లా మారింది. మీ ‘ఉన్నది ఉన్నట్టు’ గడిలో మహబూబ్‌నగర్, ‘నా అర్థం’ గడిలో నాగర్‌కర్నూల్ ఉండాలి. కొత్త జిల్లా పేరు పెట్టి పాతది చెరిపేస్తే, మీ రికార్డు, లక్నో రిజిస్టరు, పాత ప్రచురణ మూడూ మూడు వేర్వేరు రికార్డులుగా కనిపిస్తాయి.

టైగర్ రిజర్వ్ పేరు కూడా అంతే. 1983లో నాగార్జునసాగర్–శ్రీశైలం పేరుతో మొదలైంది కృష్ణకు రెండు వైపులా ఉన్న అడవి. రాష్ట్ర విభజన తర్వాత ఇవతలి భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అయింది. అందులో నల్గొండ జిల్లా దేవరకొండ, చందంపేట వైపు అడవి కూడా ఉంది. కాబట్టి పాత లేబుల్ మీద రిజర్వ్ పేరు ఒక్కటే ఉంటే అది ఏ రాష్ట్రమో కూడా తేలదు. ‘శ్రీశైలం’ అనే మాటను సేకరణదారులు చాలా వదులుగా వాడారు. మన్ననూరు చెక్‌పోస్టు దాటిన దగ్గర్నుంచి వటవర్లపల్లి, దోమలపెంట, ఈగలపెంట, డ్యామ్ దాకా అంతా వారికి శ్రీశైలమే. పక్కనే ఊరి పేరు, వాగు పేరు, కిలోమీటరు రాయి ఏదైనా ఉందేమో చూడండి. అదే సేకరణదారు అదే రోజు తీసిన ముందు వెనక నంబర్ల లేబుళ్లు కూడా తెప్పించండి. ఒకదాని మీద ‘శ్రీశైలం రోడ్డు’ అని మాత్రమే ఉన్నా, తర్వాతి నంబరు మీద ‘మల్లెలతీర్థం’ అని పూర్తిగా రాసి ఉండొచ్చు. దీనంత చవకైన, నమ్మదగిన పద్ధతి ఇంకోటి లేదు.

ఒకే పేరు రెండు చోట్ల ఉండటం ఇంకో చిక్కు. ఉమామహేశ్వరం అంటే మనకు అచ్చంపేట దగ్గర రంగాపూర్ పైనున్న క్షేత్రం, కానీ యాగంటి కూడా ఉమామహేశ్వర క్షేత్రమే, అది నంద్యాల జిల్లా. అచ్చంపేట అనే మండల కేంద్రం పల్నాడులో కూడా ఉంది. నల్లమలలోని ఫరహాబాద్ పేరును కంప్యూటర్ సాధనానికి ఇచ్చి వదిలేస్తే ఇరాన్‌లో చుక్క పెట్టే ప్రమాదం ఉంది, అక్కడా ఆ పేరుతో ఊరుంది. ‘హైదరాబాద్’ అని పాత లేబుల్ మీద ఉంటే అది నగరమా, నిజాం రాష్ట్రమా, సింధ్‌లోని నగరమా అనేది సేకరణదారు ఎవరు, ఏ కాలం అన్నదాన్ని బట్టే తేలుతుంది.

ఇక మీ నీలగిరి రికార్డు. నల్గొండకు పాత పేరు నీలగిరి అన్న సంగతి తెలిసినవారికి దాన్ని ఇక్కడికి లాక్కోవాలనిపిస్తుంది. ఆ పని చేయకండి. తమిళనాడు నీలగిరుల్లో లైకెన్ల సేకరణ చాలా జరిగింది, ఈ జాతి అక్కడా ఉంది. ఇంగ్లీషులో రాసిన సేకరణ లేబుల్ మీద నల్గొండను నల్గొండ అనే రాస్తారు. లేబుల్ మీద ఊటీ, కూనూరు, కోటగిరి, షోలా లాంటి మాట గానీ, వెయ్యి మీటర్లు దాటిన ఎత్తు గానీ ఉంటే ఇక చర్చే లేదు. ఇంకో సంగతి, తెలుగులో రాసుకున్న ఫీల్డు నోట్‌బుక్‌లో ‘నీలగిరి’ అని ఉంటే అది చెట్టు కావచ్చు, యూకలిప్టస్‌ను మనం నీలగిరి అనే అంటాం. బెరడు ఊడిపోతూ ఉండే చెట్టు కాబట్టి దాని మీద ఇంత వెడల్పు ఆకు లైకెన్ నిలవడం అరుదు. అయినా ఆ గడి లైకెన్ దేని మీద పెరిగిందో రాసే గడి అయ్యుండొచ్చని గుర్తుంచుకోండి. మీ రికార్డు విషయంలో వేరే ఆధారం లేనంతవరకు ‘తమిళనాడు కావచ్చు, నల్గొండ జాబితాలో చేర్చలేదు’ అని రాసి పక్కన పెట్టండి.

కొన్ని చోట్లు ఇప్పుడు లేవు. నాగార్జునసాగర్ జలాశయం కింద నల్గొండ జిల్లా యేలేశ్వరం మునిగింది, శ్రీశైలం జలాశయం కింద కొల్లాపూర్, అలంపూర్ వైపు ఊళ్లు మునిగాయి. అలాంటి పేరుతో పాత లేబుల్ వస్తే దాన్ని తీసేయొద్దు, ఒడ్డుకు జరపొద్దు. మునిగిన చోటే చుక్క పెట్టి ‘చారిత్రక రికార్డు, స్థలం జలాశయంలో ఉంది’ అని రాయండి.

చుక్క పెట్టడం

ఎత్తు విషయంలో సులువైన జల్లెడ ఒకటుంది. తెలంగాణ వైపు నల్లమల ఎక్కడా వెయ్యి మీటర్లు దాటదు. ‘అమ్రాబాద్, 2000’ అని ప్రమాణం లేకుండా ఉంటే అవి అడుగులే, అంటే సుమారు 610 మీటర్లు. మీటర్లుగా ఎక్కించిన వరుసలు డేటాబేస్‌లలో దొరుకుతాయి, పట్టుకుని దిద్దండి.

అక్షాంశ రేఖాంశాల్లో ఎక్కువ నష్టం చేసేది నిమిషాలను దశాంశంగా రాయడం. అమ్రాబాద్ సుమారు 16°23′ ఉత్తరం, 78°50′ తూర్పు. దశాంశంలో అది 16.383, 78.833 అవ్వాలి. నిమిషాలను 60తో భాగించకుండా 16.23, 78.50 అని వేస్తే చుక్క దక్షిణానికి 17 కిలోమీటర్లు, పడమరకు దాదాపు 36 కిలోమీటర్లు జరుగుతుంది. గుర్తుపట్టే పద్ధతి ఇది: దశాంశం తర్వాత రెండంకెలే ఉండి, మీ జాబితా మొత్తంలో అవి ఎప్పుడూ 59 దాటకపోతే, ఎక్కించినవారు నిమిషాలనే దశాంశంగా రాశారని దాదాపు ఖాయం. పాత సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్ నుంచి తీసిన విలువలు ఎవరెస్ట్ ప్రమాణంలో (భూమి ఆకారానికి వాడిన పాత లెక్క) ఉంటాయి, ఇప్పటి జీపీఎస్ డబ్ల్యూజీఎస్ 84లో ఉంటుంది. మన దగ్గర ఈ తేడా వంద మీటర్ల పైచిలుకు. జిల్లా మ్యాపుకు ఇది లెక్కలోకి రాదు, అదే చెట్టును వెతకాలంటే వస్తుంది.

లేబుల్ మీద అంకెలే లేకపోతే ఊరి పేరు నుంచి బిందువు తీసుకుని, దాని చుట్టూ ఎంత వ్యాసార్థంలో అసలు స్థలం ఉండొచ్చో మీటర్లలో తప్పకుండా రాయండి. ‘మన్ననూరు నుంచి 5 కి.మీ., శ్రీశైలం రోడ్డు’ అని ఉందనుకోండి. ఊళ్లో ఎక్కడి నుంచి కొలిచారో తెలియదు, 5 అనేది గుండ్రంగా వేసిన అంకె, రోడ్డు పక్కనే తీశారో లోపలికి నడిచారో తెలియదు. రోడ్డు వెంబడి 5 కి.మీ. కొలిచి బిందువు పెట్టి, అనిశ్చితి 2,000 మీటర్లు అని రాస్తే న్యాయంగా ఉంటుంది. ఉత్త ‘అమ్రాబాద్ అడవి’ అయితే 15 నుంచి 20 కి.మీ. వేయాలి. ‘మహబూబ్‌నగర్ జిల్లా’ అని మాత్రమే ఉంటే చుక్క పెట్టొద్దు. పాత జిల్లా 18,432 చదరపు కిలోమీటర్లు, దాని నడిబిందువు నల్లమలకు దూరంగా మైదానపు చెలకల్లో పడుతుంది. ఈ రికార్డు జిల్లా జాబితాకు పనికొస్తుంది, మ్యాపుకు పనికిరాదు. వాతావరణ నమూనాలు వేసే సాఫ్ట్‌వేర్‌కు ఇలాంటి నడిబిందువులు ఇచ్చారంటే, అడవి లైకెన్‌కు మైదానపు వర్షపాతం అంటగట్టినట్టే.

రెట్టింపు లెక్క జాగ్రత్త. ఒకే సేకరణదారు, ఒకే నంబరు, ఒకే తేదీ ఉన్న ప్యాకెట్లు లక్నోలో ఒకటి, పుణెలో ఒకటి, హౌరాలో ఒకటి ఉంటే అవి ఒక్క సేకరణ కిందే లెక్క. తేదీల్లో నెలను రోమన్ అంకెల్లో రాసే అలవాటు ఉంది: 4.iii.1976 అంటే మార్చి 4. కంప్యూటర్ దీన్ని తేదీగా గుర్తించక ఖాళీ వదిలేస్తే, ఒకే సేకరణ ప్యాకెట్లు మీకు వేర్వేరుగా కనిపిస్తాయి.

మ్యాపు తయారయ్యాక చుక్కలన్నీ హైదరాబాద్–శ్రీశైలం రోడ్డు వెంబడి, గుడి దారుల వెంబడి వరుసగా కనిపిస్తే ఆశ్చర్యపోకండి. అది సేకరణదారులు నడిచిన దారి మ్యాపు. లోపలి లొద్దులు (లోతైన లోయలు), చెంచు పెంటల (గూడేల) చుట్టుపక్కల అడవి ఖాళీగా ఉందంటే అక్కడ లైకెన్ లేదని కాదు. రిపోర్టులో ‘లేదు’ అనే మాట వాడకండి, ‘రికార్డు లేదు’ అని రాయండి. ఈ తేడా కోసం నేను గట్టిగా పట్టుబడతాను, ఎందుకంటే అటవీ పనుల ప్రణాళికల్లో ‘ఇక్కడ ఏమీ లేదు’ అన్న వాక్యం ఇలాంటి మ్యాపుల నుంచే వెళ్తుంది.

కొత్త నమూనాలు

టైగర్ రిజర్వ్‌లో ముక్క బెరడు తీయాలన్నా చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ లిఖిత అనుమతి కావాలి. దరఖాస్తులో జాతులు, చోట్లు, ఒక్కో చోట ఎన్ని నమూనాలు, ఏ హెర్బేరియంలో పెడతారో రాయండి. అనుమతి నంబరు ఫీల్డు నోట్‌బుక్‌లో మొదటి పేజీలో ఉండాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి అనువైన కాలం. వానల్లో నమూనా సులువుగా లేస్తుంది కానీ ఆరబెట్టడం కష్టం, బూజు పడుతుంది. ఎండాకాలం ముట్టుకుంటే పొడి అవుతుంది.

చెట్లలో నల్లమద్ది లాంటి పగుళ్ల బెరడు ముందు చూడండి, బెరడు పగుళ్లలో తేమ నిలుస్తుంది. అందుగు, తపసిల పై బెరడు పొరలుగా లేచిపోతుంది కాబట్టి అక్కడ టైం వృథా చేయొద్దు. వేసవి మంటలు పాకే చోట మాను మొదట్లో ఏమీ మిగలదు, తల ఎత్తు పైన చూడాలి. ఈ జాతి బండల మీద కూడా పెరుగుతుంది, కాబట్టి వాగుల పక్క నీడ బండలు వదలొద్దు. నల్గొండ వైపు ఎండకు మాడే గ్రానైట్ గుట్టల మీద, రాచకొండ, దేవరకొండ లాంటి చోట్ల, కనిపించేవి ఎక్కువగా బండకు అంటుకుపోయే వేరే రకాలు.

ఎండిన థాలస్‌ను గీరితే ముక్కలవుతుంది. స్ప్రే సీసాతో నీళ్లు చల్లి, రెండు మూడు నిమిషాలు ఆగి, సన్నటి చాకును కిందికి పోనిచ్చి అంచుతో సహా లేపండి. అరచేతిలో సగం ఉంటే చాలు. ఒక్కటే థాలస్ ఉన్న చెట్టు మీద దాన్ని మొత్తంగా తీయొద్దు, మూడో వంతు మించకుండా తీసి ఫొటో తీసుకోండి. కాగితం కవర్లోనే వేయాలి, పాలిథిన్‌లో వేస్తే ఒక్క రాత్రికే బూజు మొదలవుతుంది. ఇంటికొచ్చాక నీడలో, ఫ్యాను గాలికి, పేపర్ల మధ్య తేలిక బరువు పెట్టి రెండు మూడు రోజులు ఆరనివ్వండి. ఓవెన్ వద్దు, ఎండ వద్దు.

నోట్‌బుక్‌లో అక్కడికక్కడే రాయాల్సినవి: మీ వరుస నంబరు, తేదీ, జీపీఎస్ విలువ దాని ప్రమాణం పేరుతో, ఫోను చూపించిన పొరపాటు ఎన్ని మీటర్లో, ఎత్తు, చెట్టు పేరు, నేల నుంచి ఎంత ఎత్తులో, మానుకు ఏ దిక్కు, ఎండా నీడా. ఊరితో పాటు మండలం, జిల్లా, రాష్ట్రం మూడూ రాయండి. జిల్లా పేర్లు మళ్లీ మారినా అంకెలు నిలబడతాయి.

ప్యాకెట్‌కు ఆమ్లం లేని మందపాటి కాగితం వాడండి, మడిచాక సుమారు 14 × 10 సెం.మీ. రావాలి. లేబుల్ లేజర్ ప్రింటులో గానీ చెరగని పిగ్మెంట్ సిరాతో గానీ ఉండాలి, ఇంక్‌జెట్ ప్రింటు తడికి కారిపోతుంది. హెర్బేరియంలో పెట్టే ముందు పాలిథిన్ సంచిలో గట్టిగా మూసి, మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో వారం రోజులు ఉంచండి, సిగరెట్ బీటిల్, పుస్తకాల పేను చస్తాయి. బయటకు తీశాక ఒక రోజంతా సంచి విప్పకుండా గది వేడికి రానివ్వాలి. వెంటనే విప్పితే చల్లటి నమూనా మీద తేమ చేరి, ఆరబెట్టిన కష్టమంతా పోతుంది.

ఒక భాగం లక్నో హెర్బేరియానికి, ఒక భాగం మీ యూనివర్సిటీకి పెట్టండి. హైదరాబాద్ దక్కన్ కేంద్రం లైకెన్లు తీసుకుంటుందేమో ముందు ఉత్తరం రాసి కనుక్కోండి. విదేశీ నిపుణుడికి నమూనా పంపే ఆలోచన ఉంటే 2002 జీవవైవిధ్య చట్టం కింద ముందే అనుమతి విషయం తేల్చుకోవాలి, కవర్లో పెట్టి పోస్టు చేసే పని కాదు. హెర్బేరియం వారు ఇచ్చే ప్రవేశ సంఖ్య వచ్చేదాకా ప్రాజెక్టు రిపోర్టును చివరి ప్రింటుకు పంపకండి. జాబితాలో ప్రతి కొత్త రికార్డు పక్కన మీ సేకరణ నంబరు, ఆ ప్రవేశ సంఖ్య రెండూ ఉండాలి.